ఎత్తుకొచ్చిన ఏడుపు

“కెమెరా దించకు ఎల్మెర్! ఆ నల్ల శాలువా ఆవిడ మొహం మీదికి వెళ్లు.”

పండ్ల బండి వెనక నక్కి సబీనా గుసగుసలాడింది. కెమెరా పట్టుకున్న ఎల్మెర్ ఆమె పెద్దమ్మ కొడుకు. వాడి మొహం మాడిపోయి ఉంది.

“వాళ్లింట్లో మనిషి పోయాడే. మనం చేస్తున్నదేం పని?”

“తర్వాత తిడుదువుగానిలే. ముందు తియ్యి.”

పెరూ కొండల్లోని అయకూచో ఊళ్లో, ఒక ఇరుకు వీధిలో నలుగురు శవపేటికను మోసుకొస్తున్నారు. నల్ల శాలువా ఆవిడ దాని మీద చెయ్యి వేసి, మొహం ఎండలోకి ఎత్తి, “నన్నొదిలి ఎట్లా పోయావయ్యా!” అని గుండెలు బాదుకుంటోంది. చూస్తున్న పండ్ల బండివాడు కూడా టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

సబీనా మొదటి సినిమాలో తియ్యడానికి మిగిలింది ఈ శవయాత్ర సీను ఒక్కటే. వచ్చి ఏడుస్తామని మాటిచ్చిన చుట్టాలంతా తీరా సమయానికి బంగాళాదుంపల తవ్వకానికి పోయారు. శనివారంలోగా పోటీకి పంపకపోతే సినిమా అటకెక్కినట్టే. ఆ తర్వాత తనను లీమాలో అత్త బట్టల కొట్లో కూర్చోబెడతానని నాన్న ఎప్పుడో తేల్చి చెప్పేశాడు.

ఇక గురువుగారు దోన్ తెయోఫిలో సలహాలు ఉండనే ఉన్నాయి. తను తీసిన సినిమాలను తనే సంతల్లో అమ్ముకుని బతికిన ఆ పెద్దమనిషి, చర్చి వెనక హాల్లో సినిమా పాఠాలు చెప్తాడు. “జీతం ఇవ్వలేకపోతే వేడివేడి సూప్ అన్నా పెట్టండి, మర్నాడు వస్తారు. కథలో వాన రాయకండి, మనకంత స్తోమత లేదు. ముఖ్యమైన వేషం మీరే కట్టండి, వేరేవాణ్ణి పెట్టుకుంటే సగంలో పెళ్లి కుదిరి పారిపోతాడు. నిజమైన ఏడుపు రోడ్డు మీద దొరికిందా, వదలకండి. అడిగితే కాదంటారు. తీసేశాక కాళ్లు పట్టుకోవచ్చు.” పొద్దుటి బ్యాచ్‌కు చెప్పిందే సాయంత్రం బ్యాచ్‌కూ చెప్తాడని, ఒక్క జోకు కూడా మార్చడని ప్రతీతి. సబీనాది సాయంత్రం బ్యాచ్, పొద్దుటివాళ్లను ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం ఇంట్లో ఆ షాట్ వేసుకుని చూశారు. అద్భుతంగా ఉంది. అందుకే సబీనాకు ముద్ద దిగలేదు. ఆ కళ్లూ, వణికే ఆ గడ్డమూ చూస్తుంటే, తను ఎవరి ఇంట్లోనో దూరి ఇంకా చల్లారని పక్క మీద దుప్పటి లాక్కొచ్చినట్టు అనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“వెనక్కి ఇచ్చేస్తా,” అంది.

“పొద్దున నేను మొత్తుకుంటే నోరు నొక్కావు. ఇప్పుడు షాట్ బంగారంలా వచ్చాక పుణ్యం గుర్తొచ్చిందా?” అన్నాడు ఎల్మెర్. “మరి సినిమా?”

“లేదనుకుందాం.”

తలుపుకు నల్ల రిబ్బను కట్టిన ఆ ఇల్లు తేలిగ్గానే దొరికింది. లోపల గోడల వెంబడి జనం కూర్చుని, అలసట తెలియకుండా కోకా ఆకులు నములుతున్నారు. సబీనా అడుగు పెట్టగానే మాటలన్నీ ఆగిపోయాయి. ఒకాయన మాత్రం ఫోను ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మా మేనల్లుడమ్మా,” అంది నల్ల శాలువా ఆవిడ. “చిలీలో ఉన్న మా ఆడపడుచు ఆఖరి చూపుకు రాలేకపోయింది, ఫోన్లో చూస్తోంది. నువ్వెవరు తల్లీ?”

“నేను... మిమ్మల్ని ఒకటి అడగాలని...”

“చీకట్లో ఎందుకు, ఇట్లా కిటికీ దగ్గరికొచ్చి కూర్చో.”

సబీనా కూర్చుంది. ఎటు చూడాలో తెలియక తన బూట్లకేసి చూసుకుంది. “పొద్దున మీ ఏడుపును చాటుగా తీశానమ్మా. సినిమా కోసం.”

“కాస్త గట్టిగా చెప్పు. తల దించుకోకు. మా ఆడపడుచుకూ వినపడాలిగా.”

ఒకసారి చెప్పడానికే ప్రాణం పోయినంత పనైంది. అంతమంది ముందు తలెత్తి అదే మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

“ఎందుకు తీశావమ్మా?” ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

“నాకు ఏడ్చేవాళ్లు దొరకలేదు. మీరు ఊరికే దొరికారు, ఎత్తుకుపోయాను. మా అమ్మమ్మ పోయిన రోజు ఎవరన్నా ఇట్లా చేసుంటే రాయి పెట్టి కొట్టేదాన్ని. నా మీద నాకే అసహ్యంగా ఉంది.” కెమెరా కార్డు తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. “ఉన్నదంతా ఇందులోనే ఉంది. మీ చేత్తో మీరే విరిచెయ్యండి.”

ఆవిడ దాన్ని శాలువాలోకి దోపుకుంది. “ఇది లేకపోతే నీ సినిమా ఏమవుతుంది?”

“ఆగిపోతుంది.”

“అయినా తెచ్చిచ్చావా?”

ఆ మాటతో సబీనా కట్టలు తెగినట్టు భోరుమంది. ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. గదిలో ఒక్కరూ కదల్లేదు, దగ్గలేదు. ఆవిడ చెయ్యి మెల్లగా జుట్టు నిమురుతుంటే సబీనాకు గుండె మీది బరువు దిగినట్టయింది. వెక్కిళ్లు పూర్తిగా సద్దుమణిగేదాకా ఆవిడ ఓపిగ్గా ఆగింది.

తర్వాత సబీనా తల మీదుగా, ఇంకా ఫోను ఎత్తి పట్టుకునే ఉన్న మేనల్లుడి వైపు చూసి, “కట్,” అంది.