ఉతికినా రంగు పోలేదు

రెండ్రోజులు ఉందామని అన్నయ్య ఇంటికొచ్చిన ఆమె అటక మీది పరుపు లాగబోతే, నెత్తిన పార్సిళ్లు పడ్డాయి. అన్నీ తన ఆన్‌లైన్ షాపు దిండు గలీబులే. తను కట్టిన నీలం దారం ముడి ఒక్కటీ విప్పలేదు.

"వదినా! రకరకాల పేర్లతో కొన్నది మీరేనా?"

"మీ అన్నయ్యే. నిన్ను ఆదుకోవాలిగా."

"మరి 'ఎన్నిసార్లు ఉతికినా రంగు పోలేదు' అని ఐదు స్టార్లిచ్చింది?"

"అదీ ఆయనే. తల గోక్కుంటూ రాస్తాడు పాపం."

ఆమెకి కళ్లు చెమర్చాయి. "అన్నయ్యకి నేనంటే ఎంత ప్రేమ!"

వదిన పార్సిళ్లు ఏరి మళ్లీ అటకెక్కించింది.

"ప్రేమ కాదమ్మా, భయం. నీ షాపు మూతపడితే పెట్టె సర్దుకుని ఇక్కడికే వచ్చేస్తావని. ఈ నెల ఇంకో రెండు ఎక్కువే కొంటాంలే. ఇంతకీ నీ బస్సు ఎన్నింటికి?"