ఏటి అవతలి గాలి

ప్రతి ఆదివారం ధనుంజయరావు చేపల గాలం భుజాన వేసుకుని, కృష్ణ దాటి, ఉత్తరపు ఒడ్డు పల్లెకు పోతాడు. ఈత, అడవిలో నడక, మంచి గాలి. ఒంటికి దివ్యౌషధమని గురజాలంతా చెప్పుకొచ్చాడు. చేప మాత్రం ఒక్కటీ తెచ్చిన పాపాన పోలేదు.

ఇటు ఒడ్డున కల్లు నిషేధం. అటు ఒడ్డు నైజాం, అక్కడ ఆ బాధ లేదు. ధనుంజయరావు గురజాల మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు. ఇక చెప్పేదేముంది.

ఓ సోమవారం తల్లి వీరరాఘవమ్మ పట్టు పట్టింది.

"ఎప్పుడూ నువ్వొక్కడివే ఊరేగుతావేందిరా? ఈసారి కోడల్ని కూడా తీసుకుపో. గుడికి తప్ప గడప దాటదు పిచ్చిది."

ప్రభావతి మొహం మాడ్చుకుంది. "ఆ ఎండలో నాకేం పని అత్తయ్యా? బుధవారం బుధవారం కారంపూడి అంకాళమ్మ దగ్గరికి పోయొస్తున్నాగా. ఆ గాలి చాలు."

భార్య మాటకు ధనుంజయరావు ప్రాణం లేచొచ్చింది. తల్లి వినలేదు.

ప్రభావతి నోట్లో నువ్వుగింజ నానదు. ఆమెకు తెలిస్తే పొద్దుగూకేలోగా ఊరంతా తెలుస్తుంది. అధ్యక్ష పదవి గంగలో కలుస్తుంది. అందుకని ఏరు దాటించే పుట్టి నడిపే నాగూర్ వలితో ముందే కబురంపాడు, కల్లుగీసే ఆదినారాయణ తనను ఎరగనట్టు ఉండాలని.

ఆదివారం వచ్చింది. పుట్టెక్కితే కొత్తవాళ్లు నిలబడి తూలుతారు. ప్రభావతి నడిమధ్యన గొంతుక్కూర్చుని, కుచ్చిళ్లు కాళ్ల కింద అదుముకుంది. భయంతో బిగుసుకుపోయిందనుకున్నాడు. నాగూర్ వలి ఇద్దరివంకా చూడకుండా తెడ్డు వేశాడు.

తాటితోపులో ఆదినారాయణ బ్రహ్మాండంగా నటించాడు.

"ఏ ఊరు సారూ మీది? ఎన్నడూ చూడలే."

"గాలి కోసం వచ్చాం" అన్నాడు ధనుంజయరావు.

అంతలో గుడిసె వెనకనుంచి నల్లకుక్క ఉరికొచ్చింది. ధనుంజయరావు మనుషులకు చెప్పాడు గాని కుక్కకు చెప్పలేదు. తాగినప్పుడల్లా దానికి శనగలు పెట్టిన పాపం ఆయనదే.

చప్పున తల పైకెత్తాడు. "అదిగో ప్రభా, పాలపిట్ట" అన్నాడు. అక్కడ పిట్టా లేదు, ఈకా లేదు.

కుక్క ఆయన ఖాళీ జేబు వాసన చూసి దాటిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు. బతికిపోయాడు.

వెనకనుంచి ప్రభావతి గుసగుస వినబడింది: "ఉండరా పులిగా, మొన్న బుధవారమేగా దోసెడు శనగలు పెట్టా, ఇవాళ్టికి నన్నెరగనట్టుండు."