స్పిరిట్ దూది

కర్ట్ ఆ అట్టపెట్టెను బల్ల మీద పెట్టేసరికి నోరీన్ చూపు తిప్పుకుంది.

పెట్టెలో రెండు గాజు గొట్టాలు, ఒక సూది, ఒక అయోడిన్ దూది ఉంటాయి. తాగి బండి నడిపినవాళ్లను పోలీసులు పట్టుకొస్తే, అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని ఆ చిన్న ఆసుపత్రిలో రక్తం తీసేది నర్సు నోరీనే. ఏళ్లతరబడి వాళ్లను తెచ్చేది పోలీసు కర్ట్. అతను తలుపు దగ్గర నిలబడి చూస్తాడు, ఆమె పని కానిస్తుంది. "నీ చెయ్యి మెత్తన కాబట్టే వీళ్లు మళ్లీ మళ్లీ తాగుతున్నారక్కా" అని ఏడిపిస్తాడు కూడా. ఇవాళ ఆ వేళాకోళమేమీ లేదు.

"పిల్లకెలా ఉంది?" అన్నాడు కర్ట్.

"పైన ఆపరేషన్ జరుగుతోంది. కాలు దక్కితే అదే పదివేలంటున్నాడు డాక్టరు."

సైకిల్ మీద రోడ్డు దాటుతున్న పిల్లను ఒక పికప్ ట్రక్కు గుద్దేసింది. జరిగి ఎంతోసేపు కాలేదు.

"మీవాళ్లు అక్కడే ఊదించలేదా?"

"లేదు. భుజం తట్టి ఇంటికి పొమ్మన్నారు. ఊరందరికీ కావలసిన మనిషాయె."

నోరీన్‌కు తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఇవాళ ఆమె భర్త పుట్టినరోజు. మధ్యాహ్నం నలుగురిని పిలిచి ఎల్క్ దుప్పి మాంసంతో భోజనం పెట్టింది. చాలు, మళ్లీ బండి నడపాలి అంటున్నా వినకుండా మూడో గ్లాసు నింపింది తనే. నాలుగోదీ తనే. ఆ బీరు పోసిన చేత్తోనే ఇప్పుడు రక్తం తీయాల్సి వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ట్రేలోంచి ఒక దూది ప్యాకెట్ తీసి చింపింది.

"అది కాదక్కా. అది స్పిరిట్‌ది."

కర్ట్ కంట పడకుండా పోతుందా! వెనకోసారి ఓ కొత్త నర్సు స్పిరిట్ దూదితో చెయ్యి తుడిచింది. రక్తంలో తేలిన మద్యం ఆ దూదిదేనని లాయరు వాదించి కేసు ఎగరగొట్టాడు. ఆ నర్సును పిలిచి చెడామడా తిట్టింది నోరీనే.

"చూసుకోలేదు," అంది.

"నువ్వా? నువ్వు చూసుకోకపోవడమేంటి?"

ఆమె దూది పక్కన పడేసింది. "కాసేపు కూర్చో, కాఫీ తెస్తాను. ఇంకో రెండు మూడు గంటలు ఆగితే రక్తంలో ఏమీ దొరకదు. ఉద్యోగం పోతుంది, కర్ట్. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు."

"మరి పైనున్నదానికి అమ్మానాన్నా లేరా?"

నోరీన్ బల్ల అంచు పట్టుకుంది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"పోసింది నేను. వద్దంటున్నా పోశాను."

"పోశావు. నోరు తెరిచి పట్టుకుని పొయ్యలేదు కదా. తాళంచెవి తిప్పిందీ నువ్వు కాదు. షెరీఫ్‌కు ఫోన్ చేశాను. దారిలో ఉన్నాడు. పెట్టెకు సీలు ఆయనే వేస్తాడు. ఈలోగా నువ్వు కానియ్."

ఇక చేసేదేమీ లేక ఆమె గోడవైపు తిరిగి, పెట్టెలోని అయోడిన్ దూది బయటికి తీసింది. గోధుమరంగు మరక వేళ్లకంటుకుంది. గొట్టాల మీద తారీఖు వేసింది. సూదికి మూత తీసింది.

మోచేత్తో కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి, కర్ట్ యూనిఫాం చొక్కా చెయ్యి పైదాకా మడిచి, ఎప్పుడూ తను పట్టుకొచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.