పదిహేడో ట్యూబు

"తాతా! మళ్ళీ ముక్కు పెట్టావా?"

కడగడానికొచ్చిన ట్యూబును ముక్కు దగ్గర పెట్టుకున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

ఆయన ల్యాబులో గాజుసామాను కడిగే మనిషి. చేరి మూడు నెలలైంది. ఏ ట్యూబు దొరికినా వాసన చూడందే కడగడు. అందుకే అందరికీ ముక్కు తాత అయ్యాడు.

అరిచింది పరిశోధకురాలు. గాలి తగిలితే చచ్చే బాక్టీరియా ఆమె దగ్గర నలభై ట్యూబుల్లో ఉంది. ఏది ఏ చక్కెరను పులియబెడుతుందో, ఏది గ్యాసు వదులుతుందో చూసి గుంపులు కట్టాలి. శుక్రవారానికి థీసిస్ ఇవ్వకపోతే చేతికందిన ఉద్యోగం జారిపోతుంది.

"పదిహేడోది ఆ గుంపులోది కాదమ్మా. ముక్కిన వెన్న వాసన. మిగతావి వెనిగర్‌లా పుల్లగా ఉన్నాయి."

"అన్నీ ఒకే చక్కెరలు తింటున్నాయి. ఎప్పుడో ఎవరో కనిపెట్టారని దీనికి ఆయన ఇంటిపేరు తగిలించారు, అంతే. ఆ పేరు కొట్టేస్తున్నా."

తాత ట్యూబును బల్ల మీద పెట్టాడు.

"ఆ పేరొక్కటీ ఉంచమ్మా."

"ఏం, నీ చుట్టమా?"

ల్యాబంతా గొల్లున నవ్వింది.

"అలాంటిదేనమ్మా," అన్నాడు తాత.

ఆమెకు ఒళ్ళు మండింది. అంట్లు తోమేవాడు వంటకు వంక పెట్టడమా! తిన్నగా ప్రొఫెసరు గదికెళ్ళింది.

"ఆ ముసలాయన నా ట్యూబులు తారుమారు చేస్తున్నాడు సార్."

పచ్చి అబద్ధం. సాయంత్రానికల్లా తాత ఉద్యోగం ఊడింది. ఆమె ఎర్రసిరాతో ఆ పేరు కొట్టేసి, పదిహేడోదాన్ని మిగతావాటిలో కలిపేసింది.

నెల తిరగకుండానే థీసిస్ వెనక్కొచ్చింది. పరీక్షకుడు ఒక్క ముక్కే రాశాడు: 'పదిహేడోది వదిలే ఆమ్లం వేరు. వాసన చూసినా తెలిసేది. పాత పేరే ఉంచండి.'

ఆమె ఆఫీసుకు పరుగెత్తింది.

"ముక్కు తాత ఇల్లెక్కడండీ? మిగతా ట్యూబులు కూడా ఒకసారి చూపించాలి."

గుమాస్తా తలెత్తలేదు.

"పోయి పదిరోజులైందమ్మా. పాపం, ఆయన అసలు పేరు ఒక్కరం కూడా అడగలేదు."

హాజరుపట్టీ ఆమె వైపు తిప్పాడు.

మూడు నెలల పొడుగునా ఒకే సంతకం, ముత్యాల్లాంటి అక్షరాలు.

అందులో ముందున్న ఇంటిపేరు, ఆమె ఎర్రసిరాతో కొట్టేసిన పేరే.