మెరిసే డబ్బా

మొగులయ్య బొటనవేలితో చిన్నగా నొక్కాడు. బంగారు రంగు అక్షరాలున్న డబ్బా మూల సొట్టపడింది.

స్వరూపరాణికి ఒళ్లు మండింది.

కలబంద గుజ్జు, గంధం కలిపి ముఖానికి రాసుకునే క్రీము తయారుచేస్తుందామె. నారాయణఖేడ్‌లో అద్దెకు తీసుకున్న రెండు గదులు, నలుగురు ఆడవాళ్లు, ఏడాది కష్టం. క్రీము గాజు సీసాల్లోకి ఎక్కింది. ఇక సీసాలకు డబ్బాలు కావాలి. హైదరాబాదు నుంచి మూడు రకాల నమూనాలు వస్తే, ఇంటికి వెళ్లేదాకా ఆగలేక బస్టాండు ఎదుట దుర్గేశ్ నడిపే పార్శిల్ ఆఫీసులోనే విప్పి బల్ల మీద పరిచింది.

ఒకటి మెరిసే పల్చటి అట్ట. ఒకటి మిక్సీలు, టీవీలు వచ్చే గోధుమరంగు ముడతల అట్ట. మూడోది ప్లాస్టిక్కు.

మొగులయ్య అక్కడ మూటలు ఎత్తి దించే ముసలాయన. ఎవరూ అడగకుండానే దగ్గరికొచ్చి ఆ మెరిసేదాన్ని నొక్కి చూశాడు.

"గీ అట్ట ఆగది బిడ్డా. లోపట గాజు సీసాలాయె. గా మందం అట్ట తీస్కో."

"గా అట్టల పెడితే పసుల మందు లెక్క కనబడ్తది. దుకాణంల ఎవలు ముట్టరు," అంది స్వరూప. "నువ్వు జర మెల్లగ ఎత్తి దించు, సాలు."

అతను సొట్టపడిన మూలను లోపలి నుంచి వేలితో సరిచేసి, డబ్బాను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

స్వరూప మెరిసే డబ్బాలే చేయించింది.

సీసాల డబ్బాలు సర్దిన పెట్టెలు వారానికి రెండు బస్సెక్కేవి. హైదరాబాదులో దుకాణం నడిపే రమ్యశ్రీ ప్రతిసారీ ఫోన్ చేసేది. ఒక్క సీసా కూడా పగల్లేదనీ, ప్యాకింగు చాలా బాగుందనీ చెప్పేది. స్వరూపకు తన ఎంపిక మీద గురి కుదిరింది. మొగులయ్య చుట్టుపక్కల ఉన్నప్పుడల్లా, అతనికి వినబడేలా ఆ సంగతి దుర్గేశ్‌తో అనేది. ముసలాయన నవ్వి ఊరుకునేవాడు.

మూడు నెలలు తిరిగేసరికి ఏడాదికి సరిపడా అవే డబ్బాలు అచ్చు వేయించింది.

ఆషాఢంలో ఒకరోజు పార్శిల్ వేసి బయల్దేరి, రసీదు మరిచిపోయి వెనక్కి వచ్చింది. ఆఫీసు వెనక గోడవారన ఆమె పెట్టె విప్పి ఉంది. మొగులయ్య రెండు చేతులూ అందులోనే ఉన్నాయి.

"ఏం తీస్తున్నవ్?"

అతను ఉలిక్కిపడి చేతులు బయటికి తీశాడు. మూత దానంతటదే పడిపోయింది.

"ఏం తీయలే బిడ్డా. సుతిలి వదులైంది. కడ్తున్న."

ఆమె నమ్మలేదు. దుర్గేశ్‌ను పిలిచి, ఇతను ఉన్నచోట తన సరుకు వేయనని తెగేసి చెప్పింది. ఇన్నేళ్లలో ఈయన మీద ఒక్క మాట రాలేదని దుర్గేశ్ నచ్చజెప్పబోయాడు. ఆమె వినలేదు. బస్సు హారన్ కొడుతుంటే, ముసలాయన పెట్టెకు సుతిలి బిగించి ముడివేసి, తువాలు దులిపి భుజాన వేసుకుని రోడ్డు దాటి పోయాడు.

ఆ పెట్టె క్షేమంగా చేరింది. ఒక్క సీసా తగ్గలేదని రమ్యశ్రీ చెప్పింది. స్వరూప మనసు ఒక్క క్షణం చివుక్కుమంది. సమయానికి పట్టుకున్నాను కాబట్టే తగ్గలేదని సర్దిచెప్పుకుంది.

ఆ తరువాతి పెట్టెలో పదకొండు సీసాలు పగిలాయి. దాని తరువాతి దాంట్లో సగం.

మూడోది కూడా పగిలాక రమ్యశ్రీ ఫోన్ చేసింది.

"అక్కా, ముందుగాల డబ్బాకు డబ్బాకు నడుమ మందం అట్ట ముక్కలు కోసి మంచిగ ఇరికిస్తుంటిరి గద. ఎందుకు బంద్ జేసిన్రు?"

స్వరూప ఎన్నడూ ఒక్క అట్ట ముక్క పెట్టలేదు.

ఫోన్ పెట్టేసి నేరుగా పార్శిల్ ఆఫీసు వెనక్కి వెళ్లింది. గోడవారన, ప్లాస్టిక్ సంచి కప్పి, ఒక కట్ట ఉంది. దుకాణాలు పారేసిన ముడతల అట్టలు. సీసా ఎత్తుకు సరిగ్గా, కొలిచినట్టు కోసినవి. సంచి చిరిగిన చోట వాన తగిలి నానిపోయాయి.

దుర్గేశ్‌ను అడిగితే మొగులయ్య ఊరు కంగ్టి అన్నాడు. అప్పటికప్పుడు ఆటో ఎక్కింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. ఏ మాటా సరిపోయేలా అనిపించలేదు.

ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింటి శివమ్మ అరుగు మీద పప్పు చెరుగుతోంది. పని పోయినంక మొగులయ్య కొడుకు వెంట పుణె వెళ్లాడనీ, అక్కడ కడుతున్న బిల్డింగుకు కాపలా ఉంటున్నాడనీ చెప్పింది. ఈ వయసులో వద్దని అందరూ అన్నారట. ఫోన్ నెంబరు ఆమె దగ్గర లేదు. ఎప్పుడొస్తారో తెలియదు.

స్వరూప తన పేరు చెప్పింది. తప్పు చేశాననీ, ఆ మాట చెప్పుకుందామనే వచ్చాననీ అంది.

శివమ్మ చేట పక్కన పెట్టి ఆమెను తేరిపార చూసింది.

"క్రీముల పిల్లవు నువ్వేనా?" అంది. "మొగులన్న ముచ్చట జెప్తుండె. దుకాణాలొచ్చి బేరం పోయిందాక, మనూరు మండలంల ఊరూరు తిరిగి గాజులమ్మిండు గాయన. నీ తల్లిగారింట్ల నీ పెండ్లినాడు రెండు చేతులకు గాజులేసింది గాయననే. 'పిల్ల ఏడ్సుకుంట తల దించుకున్నది, ఒక్కసారి గూడ నా మొఖం సూడలే, నన్నెట్ల గుర్తు పడ్తది' అంటుండె."