కొలిమి వారి పిల్ల

“ఈ పెళ్ళి నేను చేయించలేను దేముడూ,” అంటూ అనంతరామయ్య పంతులు పంచాంగం టక్కున మూసేశాడు. “పెళ్ళికొడుకుదీ కొలిమే, పెళ్ళికూతురిదీ కొలిమే. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస. అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేమిటయ్యా?”

నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల ముందు పందిరి వేసి ఉంది. రేపే పెళ్ళి. గడప లోపల దేముడి కూతురు గంగాభవాని పసుపు కాళ్ళతో నిలబడి తండ్రి నోటి వంకే చూస్తోంది.

దేముడు కాబోయే వియ్యంకుడు నూకరాజు వైపు చూశాడు. నూకరాజు దేముడి వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ పందిట్లో ఓ పక్కకి జరిగారు.

ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో ఆ క్వార్టర్ల వరసలో అందరికీ తెలుసు, ఊరి అవతల ఝపటాపూర్ నుంచి రిక్షాలో వచ్చిన పంతులుకి తప్ప. రైల్వే వర్క్‌షాపులో కమ్మరం పనికి ఆనాటి దొర కమ్మరింట పుట్టిన వాళ్ళనే తీసుకునేవాడు. తాతల నాటి నుంచి కొలిమి ఊదిన ఇంట్లోంచి, అసలు కొలిమి వాడు జగ్గారావు ముందుగా వచ్చాడు. ఆ తర్వాత శ్రీకాకుళం వైపు నుంచి ఎవడు ఆకలితో రైలు దిగినా, “మా కొలిమోడే సాబ్” అని గేటు దాటించాడు. నాగలి తప్ప సుత్తి ఎరగని దేముడూ నూకరాజూ అలాగే కొలిమి వారయ్యారు. దొరలు వెళ్ళిపోయారు కానీ పేరు మాత్రం ఉండిపోయింది.

“నీ అసలింటిపేరు సెప్పీరా,” దేముడు గొణిగాడు.

“నానేటి సెప్పీది? పిల్ల నీది. నువ్వే సెప్పు,” నూకరాజు పళ్ళు నూరాడు.

ఎవరు చెప్పినా కొంప మునిగినట్టే. పంతులు తమ్ముడు వర్క్‌షాపు ఆఫీసులో హెడ్ క్లర్కు. దొంగపేరుతో చేరినట్టు ఆయన చెవిన పడితే ఉద్యోగమూ పోతుంది, క్వార్టరూ పోతుంది. కూతురి ముఖం చూస్తే చెప్పేయాలని ఉంది. రేపటి గంజి తలుచుకుంటే నోరు పెగలడం లేదు. దేముడికి తన మీద తనకే రోత పుట్టింది.

పంతులు కాస్త మెత్తబడ్డాడు. “ఒక దారుంది. పిల్లని వేరే ఇంటిపేరు వాళ్ళకి పెంపకం ఇచ్చెయ్యి. వాళ్ళు కన్యాదానం చేస్తే దోషం లేదు.”

“మా తమ్ముడున్నాడు బాబూ!” దేముడి పెళ్ళాం చిలకమ్మ ఆనందం పట్టలేకపోయింది.

“మేనమామ కంటే ఇంకెవరు కావాలి? ఇంటిపేరేమిటి?”

“కొలి...” చిలకమ్మ నాలుక కరుచుకుంది. వాడూ అదే గేటు దాటినవాడే.

“అదేమిటమ్మా! మొగుడూ కొలిమి, తమ్ముడూ కొలిమి అయితే నీ పెళ్ళెలా అయింది?”

“పొయ్యి మీద ఎసరు పొంగిపోతన్నాది,” అంటూ ఆవిడ లోపలికి పరుగెత్తింది.

పంతులుకి అనుమానం తగిలింది. పందిట్లో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే అడిగాడు. “కొలిమి,” అన్నాడు పక్కింటి వాడు. “నాదీ కొలిమే బాబూ,” అన్నాడు ఎదురింటి వాడు.

“ఇదేం వీధయ్యా! ఇంతమందీ ఒక్క ఇంటివాళ్ళేనా? ఎవరో పేరు మార్చుకున్నారు. ఎవరో చెప్పండి, లేకపోతే నేను వెళ్తాను.”

మూల నులకమంచం మీంచి జగ్గారావు నెమ్మదిగా లేచాడు. రిటైరై చాలాకాలమైంది. ఆయనకి పిల్లల్లేరు. “కొడుకుల్లేకపోతే ఏటి? సగం నిమ్‌పురా మా తాత పేరు మోస్తన్నాది,” అని రోజూ మీసం దువ్వుకునే మనిషి. ఆ పేరును ఎవడైనా తేలిగ్గా పలికితే కర్ర ఎత్తేవాడు.

“పిల్లని నాకియ్యి దేముడూ. నానూ సిట్టెమ్మా కన్నెదానం సేత్తాం.”

“ఏమయ్యా, నీదీ కొలిమే కదా!” అన్నాడు పంతులు విసుగ్గా.

జగ్గారావు గడపలో నిలబడ్డ గంగాభవానిని చూశాడు. దేముడికి విషయం అర్థమైంది. “వొద్దన్నా,” అని ముందుకొచ్చాడు. ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

“కాదు బాబూ. మాది పైలోరు.”

జగ్గారావు పెళ్ళాం చిట్టెమ్మ ఉలిక్కిపడి మొగుడి వంక చూసింది. పైల అన్నది ఆవిడ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

“మరి వీళ్ళంతా?” అన్నాడు పంతులు.

దేముడు కళ్ళు మూసుకున్నాడు.

“ఈళ్ళందరూ అసలు కొలిమోళ్ళే పంతులుగారూ,” అన్నాడు జగ్గారావు. “ఆకలికి తాళలేక ఈళ్ళ పేరు సెప్పుకుని గేటు దాటినోణ్ణి నానొక్కణ్ణే.”