మసక బొమ్మ

"మూడోసారి వచ్చాను పిన్నిగారూ. ఈ టీవీకి ఏ రోగమూ లేదు," అన్నాడు మెకానిక్ వెనక మూత బిగిస్తూ.

"లేకపోతే నాకేమన్నా సరదానా? సీరియల్లో ఆ కోడలు పిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలిసి చావట్లేదు. మొహమంతా మసకే," అంది ఆవిడ, తెర మీంచి చూపు తిప్పకుండానే.

మెకానిక్ తెర తుడిచాడు. కోడలి చెంప మీది కన్నీటి చుక్క కూడా అతనికి స్పష్టంగా కనిపిస్తోంది. అనుమానం వచ్చి, మంచినీళ్లు తెచ్చి గుమ్మంలో నిలబడ్డ ఆవిడ కూతుర్ని చూపించాడు.

"మీ అమ్మాయి మొహం ఎలా ఉందో చెప్పండి."

ఆ అమ్మాయి కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. అతను రాగానే గమనించాడు.

ఆవిడ విసుక్కుంటూ తల తిప్పి, కాసేపు చూసింది.

"నీ మొహమూ మసగ్గానే ఉందేమిటే? ఎప్పట్నించి?"

"ఏమోనమ్మా. నువ్విటు తిరిగితే కదా తెలిసేది."

"రేపే కళ్ల డాక్టరుకి చూపించండి," అన్నాడు మెకానిక్.

"రేపెలా కుదురుతుంది? రేపు ఆ కోడల్ని ఇంట్లోంచి గెంటేస్తారు." ఆవిడ కుర్చీని టీవీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. "పాపం, నేను తప్ప దాని కోసం ఏడ్చేవాళ్లెవరున్నారు?"